రిమార్కుల గడి

మార్చి 4, బుధవారం

ఈ నెల రూటు అయిపోయింది. మూడు రోజుల్లో మూడు వందల పన్నెండు మీటర్లు. రెండు కుక్కలు, ఒక జారుడు మెట్టు, పదకొండు తాళం వేసిన ఇళ్లు. మోకాళ్లు నావి కావన్నట్టున్నాయి.

మా రూటులో మీటర్లన్నీ ఇళ్ల లోపలే. పాతకాలం వైరింగ్. కొందరికి వంటింట్లో, కొందరికి మంచం తల దగ్గర. పధ్నాలుగేళ్లుగా వెళ్తున్నాను కాబట్టి నన్ను చూసి ఎవరూ మంచం మీది బట్టలు తీయరు. స్టూలు తెచ్చి వేస్తారు, మంచినీళ్లిస్తారు, ఎక్కి చూసి దిగి వస్తాను.

టైలరక్క ఇంట్లో ఈసారి యూనిట్లు రెట్టింపయ్యాయి. చేతిలో బిల్లు మెషీన్ కుయ్యిమంది. రెట్టింపైతే రిమార్కుల గడిలో కారణం రాయాలి. రాయకపోతే విజిలెన్సు వాళ్లు దిగుతారు, కరెంటు దొంగతనమని సీలు పీకి చూస్తారు. అందుకే రీడర్లం అందరం ఏదో ఒకటి రాసి జనాన్ని గట్టెక్కిస్తాం. మిగతావాళ్లు 'చుట్టాలు' అని మూడక్షరాలు కొట్టి వదిలేస్తారు. నాకలా చేతకాదు. నా రిమార్కు చదివితే ఇల్లు కళ్లకు కడుతుందని మా సెక్షన్ సారు నలుగురిలో మెచ్చుకున్నాడు కూడా.

ఇలా రాశాను: 'రోజూ సాయంత్రం ఎనిమిది మంది ఆడవాళ్లు కూర్చుంటున్నారు. రెండు ఫ్యాన్లు, మూడు లైట్లు అదనం. దొంగతనం లేదు.'

ఆ ఎనిమిది మందీ ఆ వీధి పిల్లల తల్లులే, టైలరక్కతో కలిపి. జనవరిలో వాళ్ల బడిని ఖాళీ చేయించి పోలీసు క్యాంపు పెట్టారు. పిల్లలు ఇప్పుడు నాలుగు కిలోమీటర్లు నడుస్తున్నారు. అందుకని అర్జీ రాస్తున్నారు, 'మా బడి మాకివ్వండి' అని బ్యానరు కుడుతున్నారు. అర్జీ ఎవరికి పంపాలో తెలియక తలలు పట్టుకుంటుంటే నేనే పది నిమిషాలు కూర్చుని ఏ ఆఫీసో, ఏ అంతస్తో చెప్పాను. అర్జీ అందినట్టు ఇన్‌వర్డ్ నంబరు తీసుకోకుండా కదలొద్దని కూడా చెప్పాను.

మార్చి 13, శుక్రవారం

టైలరక్కను తీసుకుపోయారు.

వీధి చివర ఇస్త్రీ చేసే పెద్దాయన చెప్పాడు. ఉదయం ఆరింటికి రెండు జీపులు వచ్చాయట. తలుపు తీయమన్నారట. కాగితమేదని ఆమె లోపలి నుంచే అడిగిందట. గడియ ఊడేలా తన్ని లోపలికి పోయారు. కత్తెర్లు, కొలతల పుస్తకం, బ్యానరు గుడ్డ, ఎవరి పిల్లదో సగం కుట్టిన యూనిఫాం, అన్నీ మూటకట్టి జీపులో వేశారు. మిగతా ఏడుగురినీ ఇళ్ల నుంచి తీసుకెళ్లి సాయంత్రం దాకా స్టేషన్‌లో కూర్చోబెట్టి, సంతకాలు పెట్టించుకుని వదిలారు. ఇల్లు టైలరక్కది కాబట్టి ఆమెను మాత్రం జైలుకు పంపారు.

ఇంట్లో ఐదుగురికి మించి కూడితే పర్మిషన్ ఉండాలట. ఆ ఆర్డరు పోయిన నెల మా ఆఫీసు నోటీసు బోర్డు మీద నేనూ చదివాను. మనకెందుకులే అనుకుని టీకి వెళ్లిపోయాను.

ఎవరో చాడీ చెప్పారని వీధంతా తిట్టిపోస్తోంది. వాళ్ల నోట్లో పురుగులు పడ, అని నేనూ వాళ్లతో కలిసి తిట్టి వచ్చాను.

మార్చి 14, శనివారం, మధ్యాహ్నం 2.10

చాడీ చెప్పింది నేను.

పోలీసు ఇన్‌స్పెక్టర్ మా ఆఫీసుకు వచ్చాడు. చేతిలో ప్రింటవుట్. నా లైను కింద ఎర్ర ఇంకు గీత. నన్ను పిలిపించి కుర్చీ వేయించాడు. ఇంత శుభ్రంగా రాసే ఉద్యోగులు ఈ రోజుల్లో అరుదని పొగిడాడు. సెక్షన్ సారు పక్కన నిలబడి పళ్లికిలించాడు.

జనవరి నుంచీ మా రిమార్కులన్నీ రోజూ సాయంత్రం స్టేషన్‌కు పోతున్నాయట. మాకు చెప్పలేదేమని అడిగితే, చెప్పాల్సిన అవసరం లేదన్నాడు సారు. అంటే రెండు నెలలుగా నేను మీటరు రీడర్‌ని కాను. జీతం కరెంటు ఆఫీసుది, పని పోలీసుది. ఆ సంగతి నాకు తప్ప అందరికీ తెలుసు.

ఆమె అడిగిన కాగితం వాళ్ల దగ్గర లేదు. నా రిమార్కే వాళ్ల కాగితం.

మార్చి 15, ఆదివారం

పురుగులు నా నోట్లోనే పడాలి.

మార్చి 19, గురువారం

మా ఆయనకు అంతా చెప్పాను. ప్రెస్సులో బైండింగ్ చేస్తాడు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా అన్నీ సమానంగా కత్తిరించి కత్తిరించి ఆయన మాటలూ అలాగే అయ్యాయి. తప్పు చేయనివాళ్లకు భయమెందుకు, దాచుకోవాల్సింది లేనివాళ్లు తలుపెందుకు తీయరు, అన్నాడు.

స్క్రూడ్రైవర్ తెచ్చి చేతిలో పెట్టాను. "అయితే బాత్రూం గడియ పీకెయ్. నువ్వు లోపల చేసేది తప్పేం కాదుగా" అన్నాను.

నవ్వబోయి నా మొహం చూసి ఆగిపోయాడు. నేనేం సరదాకు అనలేదు. తప్పు చేశామని కాదు, మనుషులమని తలుపేసుకుంటాం. పిల్లలతో కొట్లాడతాం, ఏడుస్తాం, పెద్ద సారును బండబూతులు తిడతాం, బడి మాకివ్వమని రాసుకుంటాం. ఇదంతా ఎవడికి లెక్క చెప్పాలి? దొంగ ఇంట్లో దూరితే పోలీసుకు చెబుతాం. పోలీసే దూరితే ఎవరికి చెప్పుకోవాలి? కంచే చేను మేస్తే అని ఊరికే అనలేదు పెద్దలు.

ఆయన స్క్రూడ్రైవర్ పట్టుకుని వంటింట్లోకి వెళ్లాడు. వదులైన షెల్ఫు బిగించాడు. అదీ అవసరమే.

ఏప్రిల్ 1, బుధవారం

మెషీన్లు మార్చారు. ఇంటికో కొత్త గడి: 'ఇంట్లో ఉన్న మనుషులు. అందులో బయటివారు.' అంకె కొట్టకపోతే రీడింగ్ సేవ్ కాదు. వినియోగదారుల సౌకర్యం కోసమట. ఎవడి సౌకర్యమో సర్క్యులర్‌లో రాయలేదు.

మా అందరిలో సీనియర్, రిటైర్మెంటుకు ఆరు నెలలున్నాయి, అందరం తాతయ్య అంటాం, ఆయన సర్క్యులర్ రెండుసార్లు చదివి కళ్లజోడు తుడుచుకున్నాడు. ఇన్నేళ్లూ ఆడపిల్లలున్న ఇళ్లలో కూడా నన్ను ఆగమనలేదమ్మా, అన్నాడు. అంతే అన్నాడు. ఆ మాటకే నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

ఏప్రిల్ 2, గురువారం

మొదటి ఇల్లు. ముసలమ్మ స్టూలు వేసింది. మనవడు నేల మీద బొమ్మలు గీసుకుంటున్నాడు, కోడలు గిన్నెలు తోముతోంది. మెషీన్ అంకె అడిగింది.

సున్నా కొట్టాను.

సేవ్ అయింది. దానికి అంకె కావాలి, నిజం అక్కర్లేదు. ఈ రోజు నూట నాలుగు ఇళ్లు తిరిగాను. నూట నాలుగు సున్నాలు. పధ్నాలుగేళ్లలో మొదటిసారి తప్పుడు అంకె కొట్టాను, హాయిగా ఉంది.

ఏప్రిల్ 9, గురువారం, ఉదయం 11.30

స్టేషన్‌కు పిలిచారు. స్టేట్‌మెంట్ వాళ్లే టైపు చేసి ఉంచారు. నేను లోపలికి వెళ్లగానే ఆ ఆడవాళ్లు మాటలు ఆపేశారట. కాగితాలు దాచారట. రహస్యంగా ప్రభుత్వాన్ని తిడుతుండగా నా చెవులారా విన్నానట. కింద నా పేరు, చుక్కల గీత.

ఇవేవీ నేను చూడలేదన్నాను. రిమార్కు రాసింది మీరేగా, ఇదీ దాని కొనసాగింపే, అన్నాడు ఇన్‌స్పెక్టర్. సంతకం పెడితే టైలర్‌కు రెండేళ్లు, పెట్టకపోతే నా ఉద్యోగం సంగతి డిపార్ట్‌మెంట్ చూసుకుంటుంది, అని మర్యాదగానే చెప్పాడు. టీ కూడా తెప్పించాడు. ఆ మర్యాద చూస్తే ఒళ్లు మండిపోయింది. అరిచి ఉంటే భయపడేదాన్నేమో.

పెన్ను మూత పెట్టి ఆయన ముందు ఉంచాను. చెప్పాల్సింది కోర్టులోనే చెబుతానన్నాను. బయటికి వచ్చాక, ఉద్యోగం పోతే ఇల్లెలా గడుస్తుందని దారి పొడుగునా లెక్కలేసుకున్నాను. అదీ రాయాలి, లేకపోతే ఇక్కడ కూడా అబద్ధమే అవుతుంది.

ఏప్రిల్ 20, సోమవారం, సాయంత్రం

కోర్టు. బెయిలు మీద వాదన, నన్ను సాక్షిగా పిలిచారు. చిన్న గది, కిటికీలు తెరుచుకోవు. టైలరక్కను ఇద్దరు కానిస్టేబుళ్ల మధ్య నిలబెట్టారు. నెల రోజుల్లో సగమైంది. నన్ను చూసింది, గోడను చూసినట్టు చూసింది.

ఆ రిమార్కు నాదేనా అని ప్రభుత్వ లాయరు అడిగాడు. నాదే అన్నాను. అందులో ప్రతి మాటా నిజమేనా అన్నాడు. పొద్దున్నుంచీ ఆ ప్రశ్న కోసమే కాచుక్కూర్చున్నాను.

"కాదండీ. ఎనిమిది మంది అని రాశాను, అది తప్పు. నాతో కలిపి తొమ్మిది మందిమి. ఆ అర్జీ ఏ ఆఫీసుకు పంపాలో చెప్పింది నేనే. ఆమెది నేరమైతే నాదీ నేరమే, నన్నూ అక్కడ నిలబెట్టండి."

గదిలో ఎవరో దగ్గారు. జడ్జి పెన్ను ఆపి నన్ను మొదటిసారి చూశాడు. ఇంకేమైనా చెప్పాలా అని అడిగాడు.

"వాళ్లు తలుపు తీసింది మీటరు చూడమనండీ. మనుషుల్ని చూసి రాయమని కాదు. నేను రాశాను, ఆ తప్పు నాది. దాన్ని ఎత్తుకెళ్లి గడియ విరగ్గొట్టారే, ఆ తప్పు ఎవరిదో కూడా రాయండి."

టైలరక్క తరఫు లాయరమ్మ ఆ తర్వాత ఒకటే అడిగింది. ఆ రోజు సోదా వారంటు ఉందా అని. ఇన్‌స్పెక్టర్ ఫైలు తిరగేశాడు. మొదటి నుంచి చివరి దాకా, మళ్లీ చివరి నుంచి మొదటి దాకా. ఎండాకాలం, పాపం, చెమటలు పట్టాయి.

బెయిలు ఇచ్చారు. కేసు మాత్రం ఉంది. ఆర్డరూ ఉంది. బడిలో క్యాంపూ ఉంది. గెలిచామని అనుకోవడానికి నేనేం పిచ్చిదాన్ని కాను.

ఏప్రిల్ 23, గురువారం

మెమో వచ్చింది. నూట నాలుగు ఇళ్లలో మనుషులు లేకుండా కరెంటు ఎలా కాలిందో మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలట. తర్వాతి రెండు రోజులు తిరిగిన ఇళ్లు కూడా కలిపితే మూడు వందల పైచిలుకు. లెక్కపెట్టడం కూడా వీళ్లకు చేతకాదు.

ఒకే ఒక్క లైను రాసిచ్చాను: 'నేను మీటర్లు మాత్రమే చూస్తాను.'

ఏప్రిల్ 29, బుధవారం

మెమోలు పదిహేడు. తాతయ్యకు కూడా. మా సెక్షన్ మొత్తం సున్నాలే కొట్టిందని ఈ రోజే తెలిసింది. ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు. సెక్షన్ సారు కాగితాలు టేబుల్ మీద విసిరి, ప్రభుత్వ లెక్క ప్రకారం ఈ సెక్షన్‌లో మనిషన్నవాడు లేడా అని అరిచాడు. ఇప్పుడిప్పుడే కనిపిస్తున్నారు సార్, అన్నాడు తాతయ్య.

పదిహేడు మందిని ఒకేసారి తీసేస్తే బిల్లులు ఆగిపోతాయి. అందుకే ఇంకా ఉద్యోగంలో ఉన్నాం. రేపటి సంగతి రేపు.

మే 5, మంగళవారం

టైలరక్క వీధి. స్టూలు వేసే ముసలమ్మ ఇల్లు కూడా మూసే ఉంది. ప్రతి తలుపు మీదా ఇంటివాళ్లే రీడింగ్ సుద్దతో రాసి పెట్టారు. ఒక్క తలుపూ తెరుచుకోలేదు. మంచి పని చేశారు, నాలాంటిదాన్ని రానివ్వకూడదు.

టైలరక్క తలుపుకు కొత్త గడియ. అంకె కింద ఇంకో లైను: 'ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నాను.'

అది నేను అడగలేదక్కా, అన్నాను తలుపుతో. లోపల కుట్టు మిషన్ ఆగలేదు.