ఆయిల్ పెరిగిందండీ

ఏమండీ, ఈరోజు కారు తీయకండి. తాళం నాతో షెడ్డుకి పట్టుకెళ్తున్నాను. ఇంజన్ ఆన్‌లో ఉండి బండి ఆగి ఉన్నప్పుడు ఎర్ర దీపం వెలుగుతోందన్నారుగా, అది ఆయిల్ ప్రెషర్ దీపం. మీరు లేవకముందే బానెట్ ఎత్తి, ఆయిల్ కొలిచే పుల్ల తీసి చూశాను. ఆయిల్ తగ్గకపోగా గీత దాటి పైకొచ్చింది. నీళ్లలా పలచబడి పెట్రోలు వాసన కొడుతోంది. సాయంత్రం వచ్చి మారుస్తాను.

ఇంజన్ వేడెక్కకముందే రోజూ ఆపేస్తుంటే ఆయిల్లో పెట్రోలు ఇలా చేరుతుంది. పొద్దున నలభై, సాయంత్రం నలభై కిలోమీటర్లు తిరిగే బండికి ఈ జబ్బు రాదు. అనుమానం వచ్చి మీటరు చూశాను. పోయిన నెల నేను సర్వీసు చేసినప్పటి నుంచి నూట అరవై తిరిగింది. మీ ఆఫీసుకి రెండు రోజులు వెళ్లొస్తే అంత.

ముందు ఒళ్లు మండింది. తర్వాత మీ సీట్లో కాసేపు కూర్చుని చూశాను. ఉద్యోగం పోతే పోయింది, నెల రోజులు ఆ కారులో ఒక్కరే ఎక్కడ కూర్చున్నారండీ? ఊళ్లో వాళ్ల బండ్లకి జబ్బులు కనిపెడతాను, పక్కనున్న మనిషిని కనిపెట్టలేకపోయాను.

అత్తయ్యకి నేనేమీ చెప్పలేదు.

అలవాటుకొద్దీ బాక్సు కట్టేశాను. ఇవాళైనా ఇంట్లో కూర్చుని తినండి.