చిన్ని ఈత క్లాసుకి నేను రాను

భవానీపురం,
2 ఏప్రిల్ 2025, బుధవారం.

అమ్మా బ్లెస్సీ,

మామయ్య వందనాలు. నువ్వూ బెన్నీ కులాసా అనీ, చిన్నికి ఆ రెండో పన్ను బయటికొచ్చి జ్వరం తగ్గిందనీ తలుస్తాను. నేను బాగానే ఉన్నాను. అంటే మొన్న ఎలా ఉన్నానో అలాగే ఉన్నాను.

ఈ ఉత్తరం రాయకుండానే ఊరుకుందామనుకున్నాను. రెండుసార్లు కాగితం తీసి, రెండుసార్లూ దాని మీద కూరగాయల చీటీ రాసుకున్నాను. పటమట ఏమంత దూరం, సిటీ బస్సెక్కితే ముప్పావుగంట. ఫోనైతే అదీ అక్కర్లేదు. కానీ ఫోన్లో నేనొక మాట మొదలుపెట్టగానే నువ్వు చిన్నిని తెచ్చి ఫోను దాని నోటి దగ్గర పెడతావు, అది "త్తా త్తా" అంటుంది, నేను చెప్పాల్సింది మింగేసి కూర్చుంటాను. కాగితమైతే అలా మధ్యలో అడ్డం రాదు.

సంగతేమిటంటే, శనివారం చిన్ని ఈత క్లాసుకి నేను రాను.

కోపం తెచ్చుకోకు. నీ చెవి ఆపరేషనుకి ఇంకా రెండు నెలలు కాలేదు, నీళ్లు తగలకూడదన్నారు. బెన్నీకి శనివారం సెలవు లేదు. ప్రతి బిడ్డనీ ఎత్తుకుని ఒక పెద్దమనిషి నీళ్లలోకి దిగాలన్నది అక్కడి నియమం. అందుకని మామయ్య దిగుతాడు, ఆయన్ని మించిన ఈతగాడు బెజవాడలో ఎవడున్నాడని నువ్వు తేల్చేశావు. నీది తప్పు కాదు. కానీ నా మోకాళ్ల సంగతి నీకు తెలుసు. ఆ మందు కలిపిన నీళ్ల వాసన నాకు పడదు. పైగా డెబ్బై నాలుగేళ్లవాడు ఆ బిగుతు నిక్కరులో కనబడితే చిన్ని జడుసుకుంటుంది, పక్క పిల్లల సంగతి చెప్పలేను.

మొన్న చూడ్డానికి తీసుకెళ్లావు కదా, గేటు మీద బోర్డు చదివావా? "మీ బుజ్జాయి ఇక నీళ్లలో సేఫ్" అట. ఎనిమిది నెలల పిల్ల మంచం మీదే సేఫ్ కాదు, దిండు అడ్డం పెట్టి అరనిమిషం వంటింట్లోకి వెళ్లొస్తే కిందుంటుంది. దాన్ని నీళ్లలో సేఫ్ చేస్తారట, ఎనిమిది క్లాసుల్లో, టోపీ ఉచితంగా ఇచ్చి. ఆ బోర్డు రాయించినవాణ్ణి ఒక్క పూట కాలవ గట్టు మీద నిలబెడితే బుద్ధొచ్చేది.

కోచ్ సుస్మిత మాత్రం మంచి పిల్ల. బోర్డుకీ ఆ అమ్మాయికీ సంబంధం లేదు. గుర్తుందా, ఒక తండ్రి ఒక చేత్తో కొడుకునీ ఇంకో చేత్తో ఫోనునీ పట్టుకుని వీడియో తీస్తుంటే, ఏమండీ, రెంటిలో ఏది జారిపోయినా ఫరవాలేదో అది ఒడ్డున పెట్టి రండి అంది. అతనికి అర్థం కావడానికి కాసేపు పట్టింది. గోరువెచ్చని నీళ్లే ఉండాలని, ఇరవై నిమిషాలు దాటకూడదని, పెదవి రంగు మారితే ఆ క్షణమే తీసేయాలని, ఎవరు చెప్పినా బిడ్డ తల ముంచొద్దని చెప్పింది. ముందు పిల్లల డాక్టర్ని అడిగే రమ్మంది. అన్నిటికన్నా మంచిమాట చివర్న అంది. మేం నేర్పేది బిడ్డకి కాదండీ, మీ చేతులకి అని.

ఆ మాటకి నాకు మీ అత్తయ్య హన్నా గుర్తొచ్చింది. బెన్నీకి నీళ్లు పోసేటప్పుడు రెండు కాళ్లూ చాపి వాణ్ణి వాటి మీద పడుకోబెట్టేది. చెంబెత్తే ముందు ఎడం అరచెయ్యి వాడి నుదుటి మీద అడ్డంగా ఆనించేది, నీళ్లు ముక్కులోకి పోకుండా. వాడు రాగం తీస్తూ ఏడ్చేవాడు, ఆవిడ వాడికి వంత పాడేది. నీళ్లు పోయడం అయ్యాక బకెట్లో జానెడు నీళ్లున్నా పారబోసి బోర్లించాకే లేచేది. ఎందుకే అంత హడావుడి అంటే, ఈ ఇంట్లో పాకేవాడొకడు ఉన్నాడు, చూసేవాళ్లం ఇద్దరమే ఉన్నాం అనేది. ఆవిడ ఏ క్లాసుకీ వెళ్లలేదు.

మొన్న నువ్వు సుస్మితతో నా గురించి చెప్పిన మాటలు విన్నాను. మా మామయ్య హనుమాన్ జంక్షన్ దగ్గర కాలవ లాకు మీద పనిచేశారు, మూడొందల మంది పిల్లలకి ఈత నేర్పారు, మునిగిపోతున్న పాప కోసం వరద నీళ్లలోకి దూకారు అని. ఆ పిల్ల కళ్లు పెద్దవి చేసి, అయితే అంకుల్ పక్కన హెల్పరు అక్కర్లేదు, అటువైపు లోతులో వదిలేయొచ్చు అంది. ఆ మాట దగ్గర్నుంచి నాకు అన్నం సరిగ్గా దిగలేదు.

ఆ కథ నీకు బెన్నీ చెప్పాడు. వాడికి వాళ్లమ్మ చెప్పింది, ఆవిడకి ఊరు చెప్పింది. ఎవరూ చెప్పనిది కొంత ఉంది, అది చెబుతాను.

లాకు అంటే పడవలు పై మట్టం నుంచి కింది మట్టానికి దిగడానికి కాలవలో కట్టిన తలుపుల గది. నేను చేరేనాటికి పడవలు పోయాయి, తలుపులు మిగిలాయి, వాటికి కాపలా నేను మిగిలాను. లస్కరు అనేవాళ్లు. చదువు తక్కువ, తీరిక ఎక్కువ. దొరికిన ప్రతి పేపరు ముక్కా చదివేవాణ్ణి, పాత పడవవాళ్లు చెప్పిందల్లా వినేవాణ్ణి. అలా ఈత నేర్పడం మొదలుపెట్టాను. జీలుగు కాడలు బెండులా తేలుతాయి. వాటిని ఎండబెట్టి, కట్ట కట్టి, పిల్లల వీపుకి తాడుతో బిగించేవాణ్ణి. నేను వెదురు గడ పట్టుకుని గట్టు మీద నిలబడేవాణ్ణి. నాలుగు రోజులకోసారి కట్టలోంచి ఒక కాడ తీసేసేవాణ్ణి, పిల్లలకి తెలియకుండా. ఆఖరికి ఉత్త తాడు మిగిలేది. పిల్లలు తాడుతోనే ఈదేసేవాళ్లు. చూసినవాళ్లంతా ఆహా లాజరు అనేవాళ్లు. నేనూ అనుకునేవాణ్ణి.

లాకు పక్కనే నాగూర్ సైకిల్ షాపు. వాళ్ల ఫౌజియాకి నాలుగేళ్లు. అంత చిన్నవాళ్లకి నేర్పనన్నాను. నాగూరే, లాజరన్నా, కాలవ పక్కన కాపురం, నువ్వుండగా భయమేంటి, నేర్పేయ్ అన్నాడు. పది రోజులు నేర్పాను. ఇంకా కట్టలో ఒక్క కాడ కూడా తీయలేదు. ఆగస్టు నెల, పైనుంచి నీళ్లు వదిలారు. మధ్యాహ్నం అందరూ భోజనాల దగ్గరున్నప్పుడు ఆ పిల్ల ఒక్కత్తే వచ్చి దూకింది. అవతల తేలినప్పుడు వీపుకి తాడు ఉంది, బెండు లేదు. పెద్దపిల్లలు ఉత్త తాడుతో ఈదడం రోజూ చూసేది కదా. మనిషిని తేల్చేది తాడే అనుకుంది. ముడి తనే వేసుకుంది.

ఆ తర్వాత నేనెవరికీ నేర్పలేదు. నాగూర్ కాలవ పక్కన ఉండలేక భవానీపురం వచ్చేశాడు, రిటైరయ్యాక నేనూ ఇక్కడికే వచ్చాను.

అందుకే చెబుతున్నాను. చిన్నికి నీళ్లంటే సరదా కలగనీ, కాళ్లాడించనీ, నీ మొహం చూసి నవ్వనీ. అది చాలు ఈ ఏడాదికి. బిడ్డకి ఈత వచ్చేసిందని మాత్రం ఎవరు చెప్పినా నమ్మకు, సర్టిఫికెట్ ఇచ్చినా సరే. చేతికి అందేంత దూరంలో నువ్వుండాలి, చెయ్యి ఖాళీగా ఉండాలి. నీ చెవి మానేదాకా రెండు నెలలు ఆగు. అవి గంగలో కలిసిపోయే నెలలేం కావు.

బెన్నీకి దీవెనలు. చిన్నికి నా బదులు ఒక ముద్దు.

ఇట్లు,
మోకాళ్లున్న మీ మామయ్య,
లాజరు.

తా.క. గురువారం. రాత్రి పై ఉత్తరం మళ్లీ చదివాను. మోకాళ్లు నిజమే, వాసన నిజమే. అసలు కారణం మాత్రం అందులో లేదు. బ్లెస్సీ, నాకు ఈత రాదు.

ఉద్యోగానికి పిలిచిన ఇంజనీరు దొర, ఈత వచ్చా అని అడిగాడు. వచ్చండీ అన్నాను. అది మే నెల, కాలవ కట్టేశారు, అడుగున బురద తప్ప నీళ్లు లేవు. ఎక్కడ ఈదిస్తాడు? సంతకం పెట్టేశాడు. జూన్‌లో నీళ్లొచ్చేలోగా నేర్చుకుందామనుకున్నాను. తర్వాత మూడొందల మందికి నేర్పినవాడు ఎవర్ని అడుగుతాడు నేర్పమని?

ఆ రోజు నేను దూకలేదు. పిల్ల కేక విని వచ్చాను. మెట్లు దిగి, గోడకున్న గొలుసు పట్టుకుని, నడుం లోతు దాకా వెళ్లాను. గడ చాపాను, అందలేదు. గొలుసు వదల్లేదు. జనం వచ్చేసరికి నేను తడిసి ఉన్నాను. ఎవరో, పాపం లాజరు దూకాడట, దొరకలేదట అన్నారు. నాగూర్ నన్ను పట్టుకుని, నువ్వన్నా దూకావన్నా అని ఏడ్చాడు. కాదనడానికి నోరు రాలేదు. ముప్పై ఆరేళ్లుగా రాలేదు. చర్చిలో శాలువా కప్పితే కప్పించుకున్నాను. మొన్న సోమవారం రంజాను పండక్కి కూడా నాగూర్ అందరికన్నా ముందు మనింటికే సేమ్యా పంపాడు, తిన్నాను.

నా చేతుల్లో చిన్నిని పెట్టి పక్కన హెల్పరు అక్కర్లేదంటే ఇంక నోరు మూసుకోలేను. ఈ మాట సుస్మితకి కూడా చెప్పు. బెన్నీకి నువ్వు చెప్పకు, నేనే చెబుతాను.

నీ నోట వినేముందు నాగూర్ నా నోట వినాలని పొద్దున షాపుకి వెళ్లాను. ఎవరిదో చక్రం వంకర తీస్తున్నాడు. రా లాజరన్నా అని స్టూలు వేశాడు. కూర్చోకుండానే చెప్పేశాను. పని ఆపకుండా విన్నాడు. చక్రం ఒకసారి తిప్పి చూసి, లాజరు గారూ, ఖుర్షీదాకి తెలియనివ్వకండి అన్నాడు. ఖుర్షీదా ఆ పిల్ల తల్లి. అతను నన్ను గారూ అనడం అదే మొదలు.

చక్రం బిగించి సైకిలు దాని ఆసామికి ఇచ్చేశాడు. చేతులు తుడుచుకుని షట్టర్ దించాడు. అప్పటికి టైము పదకొండున్నరే అయింది.