ఫోటోలో లేని గది

లెవుకా, ఓవలావ్ ద్వీపం
మార్చి 11, ఆదివారం

ప్రియమైన తమ్ముడు ఎరోనికి,

నీ అక్క టొరికా దీవెనలు. సువా పట్నంలో నువ్వూ, మరదలూ, పిల్లలూ ఆ దేవుడి నీడన చల్లగా ఉన్నారని తలుస్తాను. ఫోన్లో చెప్పే సంగతులు కావివి, అందుకే రాస్తున్నాను.

ఇల్లు పూర్తయింది. తుపాను పైకప్పు ఎత్తుకుపోయిన నాటి నుంచి నీలం పరదా కింద బతికినవాళ్ళం కదా, కొత్త రేకుల మీద మొదటి వాన చప్పుడు విన్నప్పుడు నాకు ఏడుపొచ్చింది. నువ్వు గీసినది గీసినట్టే కట్టారు. ఒకప్పుడు ఈ ఇల్లు కట్టించుకున్న కొబ్బరి వర్తకుడు దొర వరండాలో నిలబడి తీయించుకున్న పాత ఫోటో పక్కన పెట్టి చూస్తే అదీ ఇదీ ఒకటే. పడవ దిగిన యాత్రికులు గేటు దగ్గర ఆగి మరీ చూస్తున్నారు.

నాయనమ్మ మాత్రం ఇంట్లో నిద్రపోవడం లేదు. "ఇది తెల్లదొర ఇల్లే. దొర తిరిగొచ్చేలోపు లేచిపోదాం పదవే" అంటుంది.

వంటింటి వెనక తాతయ్య కట్టిన గది ఫోటోలో లేదు కనుక నీ పటంలోనూ లేదు. తర్వాత అతికించినది, చారిత్రక విలువ లేదు అని మీ పాతకట్టడాల కార్యాలయం రాసింది. తప్పని నేననను. అలాంటి పాత చెక్క ఇప్పుడు ఎక్కడా దొరకదు, దొరికిన కాస్తా అసలు ఇంటికే కావాలి. ఊరు ఊరంతా చెదలూ, సముద్రమూ పంచుకు తింటుంటే నువ్వొక్కడివీ ఎన్నిటిని నిలబెడతావు? కానీ నువ్వూ నేనూ పుట్టింది ఆ గదిలోనే. నాన్న కన్ను మూసిందీ అక్కడే. దాన్ని పీకేసిన మర్నాడు నాయనమ్మ ఆ ఖాళీ నేల మీద చాప పరుచుకుని కూర్చుంది. అప్పటి నుంచి రోజూ అక్కడే.

చర్చి గంట మోగాక ఎవరితోనో మాట్లాడుతుంది. తాతయ్యతోనేమో అనుకున్నాను. కాదు తమ్ముడూ, మొగుడితో మాట్లాడే గొంతు కాదది. ఒకసారి మాట ఆపి, జవాబు వింటున్నట్టు తల వంచింది. అప్పుడు నాకూ ఏదో వినిపించినట్టయింది. గాలి అనుకుని కిటికీ మూసేశాను. ఆ వైపు తలుపు తీయాలంటేనే భయమేస్తోంది.

మొన్న కుండపోత. పరుగెత్తుకెళ్ళి చూస్తే, తను తడుస్తూ చాప అంచులు రెండు చేతులా నేలకి అదిమి పట్టుకుని ఉంది. జ్వరమొచ్చి పోతావే ముసలిదానా అని అరిచాను. "నాకేం కాదులే, నువ్వు లోపలికి పో" అంది.

నిన్న మేస్త్రి వాటే వచ్చాడు. కొండ నీళ్ళు ఇంటి కిందికి రాకుండా సరిగ్గా అక్కడే కాలువ తవ్వాలట, నీ పటంలో ఉందట. "బామ్మా, పంతొమ్మిదో తారీకు సోమవారం నీ సింహాసనం కాస్త అటు జరుపుకోవాలమ్మా" అని నవ్వుతూ అన్నాడు. నాయనమ్మ లేచి అతని చేతిలో పార లాక్కుంది. "ముందు నన్ను తవ్వరా" అంది. వాటే ముఖంలో నవ్వు ఆగిపోయింది.

నువ్వొకసారి వచ్చి నచ్చజెప్పు. నీ మాట వింటుంది. ఆమెకి సేవ చేయగలను గానీ, ఇలా భయపడుతూ బతకలేను.

ప్రేమతో,
మీ అక్క
టొరికా

తా.క. ఉత్తరం మడిచాక నిమ్మాకుల టీ తీసుకుని వెళ్ళి, గుండె చిక్కబట్టుకుని ఆమె పక్కన కూర్చున్నాను. ఎవరితో మాట్లాడుతున్నావని అడిగేశాను. చెప్పింది. నాన్నకంటే ముందు ఆమెకో కొడుకు. బాప్తిస్మం కాకుండానే పోయాడు. అలాంటి బిడ్డకి శ్మశానంలో చోటు లేదన్నారట అప్పటి పెద్దలు. తాతయ్య వంటింటి వెనక పూడ్చాడు. వాన పడ్డప్పుడల్లా బిడ్డ తడుస్తున్నాడని నాయనమ్మ ఏడుస్తుంటే, ఆయన ఆ చోటు మీద గది కట్టాడు. మనం పుట్టిందీ, పాకిందీ పెదనాన్న మీదే తమ్ముడూ.

వెంటనే వాటే ఇంటికెళ్ళి చెప్పాను. టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు. "అక్కా, పని ఆపడం నా చేతుల్లో లేదు. గీసినవాడే చెప్పాలి" అన్నాడు.

సాయంత్రం ఆ చప్పుడు మళ్ళీ వినిపించింది. ఈసారి గాలి అనుకోలేదు.

ఉత్తరం రేపటి పడవకి ఇస్తున్నాను. ఆ పంతొమ్మిదో తారీకున నువ్వొచ్చినా రాకపోయినా, వాళ్ళు పారలు పట్టుకొచ్చేసరికి మేమిద్దరం అక్కడే కూర్చుని ఉంటాం.