తాత పిక్కలు

నంద్యాల
10 మార్చి 1957

ప్రియమైన నాయనకు,

నీ యశోద నమస్కరించి రాసేది. ఇక్కడ అందరం బాగున్నాం. ఆయన జిన్నింగు మిల్లు పనిలో తలమునకలుగా ఉన్నారు.

బాగున్నామని రాశాను గానీ, ఓబులేసు సంగతి నీకు చెప్పాలి. ఆరేళ్ళు నిండినా ఇంకా పరుగెత్తితే పడిపోతున్నాడు. కింద కూర్చుంటే మామూలుగా లేవడు. బోర్లా తిరిగి, చేతులు నేలకు ఆనించి, తర్వాత మోకాళ్ళ మీద, ఆ తర్వాత తొడల మీద వేసుకుంటూ, తన ఒంటిమీద తానే ఎక్కుతున్నట్టు లేస్తాడు. బడిలో పిల్లలు ముసలోడని పిలుస్తున్నారట. ఆయనేమో సోమరితనం అంటారు.

విచిత్రమేమిటంటే, వాడి పిక్కలు చూస్తే ఈ మాటలేవీ నమ్మబుద్ధి కాదు. అంత లావుగా ఉన్నాయి. పక్కింటి హమీదాబీ పట్టి చూసి, "ఇవి మీ నాయన పిక్కలే, నంద్యాల్లో ఇట్లాంటివి యాడా లేవు" అంది. దాంతో నాకు కొంచెం ధైర్యం వచ్చింది. నువ్వు తాలీం నడిపేవాడివి, ఎంతమంది కుర్రాళ్ళకు కుస్తీ నేర్పావో. ఎండాకాలం సెలవులకు వాణ్ణి నీ దగ్గరికి పంపనా?

నీ కూతురు,
యశోద


ఆళ్ళగడ్డ
16 మార్చి 1957

నా తల్లి యశోదకు ప్రేమతో,

పంపనా అని అడుగుతావా? నీ జాబు చదివి తాలీంలో కనిపించినవాడికల్లా చెప్పుకున్నాను. నా కొడుకుల్లో ఒక్కడికీ రాని పిక్కలు కూతురి కొడుక్కి వచ్చాయి. నీ మొగుడితో చెప్పు, వాణ్ణి సోమరి అంటే ఆళ్ళగడ్డ నుంచి నేనే దిగుతానని.

నువ్వేం భయపడకు. కండ పనిని బట్టి పెరుగుతుంది. బరువు పడితే లోపల కాస్త చిట్లుతుంది. తిని పడుకుంటే మానుతుంది. మానిన ప్రతిసారీ కొంచెం లావెక్కుతుంది. మా ఉస్తాదు నాకు నేర్పింది ఇంతే, నేను అందరికీ నేర్పేదీ ఇంతే. ఓబులేసుకు పిక్కలు ఎట్లాగూ ఉన్నాయి. తొడలకు పని చెప్తే చాలు, ఆ పడిపోవడం దానంతట అదే పోతుంది.

దీవెనలతో మీ నాయన,
నరసింహులు


ఆళ్ళగడ్డ
8 జూన్ 1957

తల్లీ యశోదా,

రేపు బస్సుకు నా స్నేహితుడు సైదా సాహెబ్ వెంట ఓబులేసును పంపుతున్నాను. రోజూ నువ్వుల నూనె పట్టించాను. రాగి సంగటి, కోడిగుడ్లు, పాలు, దేనికీ తక్కువ చెయ్యలేదు. పిక్కలు ఇంకా బలిశాయి.

బస్కీలు మాత్రం రాలేదు. కూర్చుంటాడు, లేవలేడు. తొడల మీద చేతులు వేసి లేస్తే తాలీంలో అది దొంగ బస్కీ. ఎంత చెప్పినా చేతులు తొడల మీదికే పోతున్నాయని ఒకరోజు తువ్వాలుతో వెనక్కి కట్టేశాను. లేవబోయి మట్టిలో ముఖం ఆనేట్టు పడ్డాడు. ఏడవలేదు. "ఇంగోసారి చేస్తా తాతా" అన్నాడు. పట్టుదల ఉంది, కుస్తీకి అదే ముఖ్యం. ఇంటి దగ్గర కూడా చేయించు. చేతులు మాత్రం ఆనించనివ్వకు.

మీ నాయన,
నరసింహులు


నంద్యాల
22 సెప్టెంబరు 1957

ప్రియమైన నాయనా,

ఈ జాబు రాయడం, చించడం, మళ్ళీ రాయడంతోనే ఇన్నాళ్ళయింది. ఓబులేసు మెట్ల మీద పడ్డాడు. దెబ్బ పెద్దది కాదు గానీ, అనుమానం తీరక కర్నూలు తీసుకెళ్ళి పెద్ద డాక్టరుకు చూపించాం. ఆయన వాణ్ణి నేల మీద కూర్చోబెట్టి లేవమన్నాడు. వాడు లేస్తుంటే చూసి, మా వైపు తిరిగి కూర్చోమన్నాడు.

నాయనా, అది కండల జబ్బు. కండ చిట్లుతుంది, మానుతుంది అని నువ్వు చెప్పిందే ఆయనా చెప్పాడు. ఓబులేసుకు మానదట. చిట్లిన చోట కండకు బదులు కొవ్వు చేరుతుందట. పిక్కల లావు అదే. మనం మురిసిపోయింది దాన్ని చూసే.

చేతులెందుకు ఆనిస్తాడో కూడా చెప్పాడు. కండకు లాగడమే వచ్చు, తోయడం రాదట. మోకాలు మడవడానికి ఒక కండ లాగితే, చాచడానికి దానికి ఎదురుగా ఉన్న ఇంకో కండ లాగాలి. నడుమును నిలబెట్టడానికి తుంటి కండలు లాగాలి. చాచేవీ, నిలబెట్టేవీ వాడికి పోతున్నాయి. వాటి పని చేతులు చేస్తున్నాయి. మందు లేదు. ఒంటికి అలసట పెట్టొద్దన్నాడు. పది పన్నెండేళ్ళు వచ్చేలోపు నడక ఆగిపోతుందట.

ఇది తల్లి నుంచి కొడుక్కు వచ్చే జబ్బట. అంటే నా నుంచే. ఆ మాట విన్నప్పటి నుంచి వాడికి అన్నం పెడుతున్నా ఏడుపొస్తోంది.

నీ మీద నాకు కోపం లేదు. తెలిస్తే నువ్వు చేసేవాడివా?

నీ కూతురు,
యశోద


ఆళ్ళగడ్డ
14 అక్టోబరు 1957

తల్లీ,

నీ జాబు అందింది. ఆ తువ్వాలు నా కళ్ళ ముందు నుంచి పోవడం లేదు. వాడి ముందుకు రావడానికి నాకు ముఖం చెల్లదు. అందుకే ఇప్పుడు రాను.

ఒకటి మాత్రం నిర్ణయించుకున్నాను. నడక ఆగిన రోజు కబురు చెయ్యి, అప్పుడు వస్తాను. వాడికి ఇరవై వచ్చినా ముప్ఫై వచ్చినా నా వీపు మీద తిరుగుతాడు. అప్పటికి నా ఒంట్లో సత్తువ ఉండాలి కదా. మళ్ళీ బస్కీలు మొదలుపెట్టాను. చిన్న జొన్న మూట వీపున వేసుకుని ఏటి దాకా పోయి వస్తున్నాను. ఏడాదికోసారి మూట పెద్దది చేస్తాను. సైదా సాహెబ్ చూసి, "ఈ వయసులో ఏందప్పా ఈ పిచ్చి?" అన్నాడు. "నా మనవడు పెండ్లికొడుకైన నాడు నేనే మోసుకోని పోవల్ల" అన్నాను.

మీ నాయన,
నరసింహులు


నంద్యాల
17 జనవరి 1960

ప్రియమైన నాయనా,

దసరా వెళ్ళినప్పటి నుంచి ఓబులేసు నడవడం లేదు. కబురు చెయ్యమన్నావు, ఇన్నాళ్ళూ చెయ్యలేదు. చేస్తే దీంతోపాటు ఇంకో సంగతి రాయాల్సి వస్తుందని.

మూట పెద్దది చేశానని నువ్వు రాసినప్పుడల్లా ఆ జాబు పట్టుకుని వంటింట్లోకి పోయేదాన్ని. కర్నూలు డాక్టరు చెప్పింది నీకు సగమే రాశాను నాయనా. ఊపిరి తీయడానికి కూడా కండే కావాలట. రొమ్ముకూ కడుపుకూ మధ్య పలుచటి కండ ఒకటి ఉంది. అది కిందికి లాగితేనే లోపలికి గాలి వస్తుంది. పక్కటెముకల మధ్య ఉన్నవీ కండలే. గుండె కూడా కండేనట. కాళ్ళ తర్వాత చేతులు, ఆ తర్వాత ఇవి. ఇరవై ఏళ్ళు చూడటం కష్టమన్నాడు. నువ్వు పెండ్లికొడుకు అని రాసిన రోజే ఇది చెప్పాల్సింది. నా చేత కాలేదు.

నీకు ముఖం చెల్లదన్నావు. వాడు నీ మీద ఒక్క మాట అనడు. తనకు బస్కీ రాలేదనే ఇప్పటికీ సిగ్గుపడతాడు.

వాడికి నడక ఆగిన సంగతి తప్ప ఏమీ తెలియదు. నువ్వొచ్చి మోస్తావని మాత్రం నేను చెప్పాను. దానికి వాడికొక దిగులు పట్టుకుంది. నిన్న నన్ను దగ్గరికి పిలిచి, "నేను దినదినం లావయితాండా మా. ఇంగా లావయితే తాత ఎత్తుకోలేడు. బేగా రమ్మని రాయి" అన్నాడు.

అంత పెద్ద మూటలు ఎత్తొద్దు నాయనా. నా కొడుకు ఎప్పటికీ అంత బరువు కాడు. ఈ జాబు అందగానే బస్సెక్కు.

నీ కోసం చూస్తూ,
యశోద