మంచం కింద బోండాం

జూన్ 11
పడవను ఒడ్డుకు లాగుతుంటే ఒరిగి అన్న తొడ మీద పడింది. ట్రాక్టరు వచ్చి ఎత్తేదాకా దాని కిందే, ఇసుకలో. ఇప్పుడు నెల్లూరు ఆసుపత్రి. ఎక్స్‌రేలో ఎముక చెక్కుచెదరలేదు. "ఇంకేంది, ఇంటికి పోదాం పా రా" అంటాడు అన్న. వాపు కంటే నన్ను భయపెట్టింది మూత్రం రంగు... చిక్కటి డికాషన్. డాక్టరమ్మ రక్తం తీయించింది. సీకే అట — కండ ఎంత నలిగిందో రక్తంలో పట్టిచ్చేది. రిపోర్టు చూసి గొంతు తగ్గించింది: "వేలల్లో ఉంది. ఇదంతా కిడ్నీలు తట్టుకోవాలి." సెలైన్ ఆగకుండా ఎక్కుతోంది.

జూన్ 12
ఊళ్లో ఎప్పుడో పంచిన ప్రథమచికిత్స కరపత్రం జేబులోంచి తీసి మళ్లీ చదివాను. 'ద్రవాలు విరివిగా ఇవ్వాలి.' చాలు! బోగోలుకు, వదిన పుట్టింటికి ఫోన్ చేశాను. సాయంత్రానికి వదిన వాళ్ల నాన్న ఆటోలో కొబ్బరి బోండాలు దించాడు, గెలలకు గెలలు. నేనే కొట్టి అన్న నోటికి అందించబోతే నర్సమ్మ లాక్కుంది. "మందుల కంపెనీలకు ఏజెంట్లా మీరు? పేదోడి టెంకాయ నీళ్లు పనికిరావా?" — వార్డంతా వినేలా అరిచింది నేనే. ఆమె అరవలేదు. పొద్దుటి రిపోర్టు చూపించింది. "పొటాషియం చూడు. నలిగిన కండలోంచి కారిందే గుండెను ఆపేటట్టుండాది. బోండాంలో ఉండేదీ అదే."
కరపత్రంలో ఆ ముక్క లేదు.

జూన్ 13
నర్సమ్మను క్షమించమన్నాను. "ఆ కోపం కాయల మీద చూపించబ్బయా. బయట కూర్చున్నోళ్లకు కొట్టియ్యి." కొట్టాను. చేతులు నొప్పి. హాయిగా ఉంది.

జూన్ 15
పొటాషియం దిగింది! సీకే కూడా దిగుతోంది. మూత్రం రంగు — పల్చటి టీ. వదిన మంచానికి వేలాడే మూత్రం సంచినే చూస్తూ ప్రార్థన చేస్తోంది. నవ్వొస్తోంది... నవ్వను. కిడ్నీల సంగతి చెప్పే క్రియాటినిన్ మాత్రం దిగనంటోంది. "రేపు ఇంకా ఎక్కితే డయాలసిస్" — డాక్టరమ్మ.

జూన్ 16
పొద్దున్నే రక్తం తీసుకెళ్లారు. అన్న బొటనవేలు ఆడించి చూపిస్తున్నాడు, పసిపిల్లాడిలా. డాక్టరమ్మ తాగొచ్చన్న రోజు కోసం మంచం కింద ఒక్క బోండాం దాచిపెట్టించుకున్నాడు.
"కత్తి నీకాడే ఉండాదా రా?"
"ఉండాది."
"రిపోర్టో?"
"రాలా."
వరండాలో నర్సమ్మ చెప్పుల చప్పుడు —