గురువారం బెల్లం, బిస్కట్ గిట్టలు

శ్రీయుత వేణుమాధవ్ గారి సముఖమునకు,
ఇళ్ల యజమానుల సంఘం అధ్యక్షులు, ఫ్రిస్కో, టెక్సస్.

అయ్యా,

విషయం: మన కాలనీ వెనుక కంచెలోని 'బిస్కట్' అను గుర్రమునకు గురువారం నాడు బెల్లము, నానబెట్టిన శనగలు పెట్టుటను తక్షణం ఆపించుట గురించి.

1. సదరు గుర్రం ఆ కంచె స్థలం యజమానురాలు డోనా గారిది. దానికి మన షుగర్ వంటి జబ్బు ఉన్నట్లు పశువుల డాక్టరు తేల్చినారు. తీపి తిన్నప్పుడల్లా రక్తంలో ఇన్సులిన్ విపరీతంగా పెరిగి, గిట్టల లోపలి పొర వాచి, ఎముకను పట్టి ఉంచే బలం పోతుందట. ఇంకొకసారి వాచి ఎముక దిగబడితే సూది వేసి చంపడం తప్ప మార్గం లేదన్నారు. ఇప్పటికే అది ముందుకాళ్లు చాపి, బరువంతా వెనక్కి వేసి నిలబడుతోంది. షుగర్‌తో కాలి బొటనవేలు తీయించుకున్నవాడిని, ఆ నిలబడడం నాకు తెలుసు. చూడలేకపోతున్నాను.

2. ఇక్కడికి వచ్చిన పెద్దవాళ్లలో పలువురికి జాతకరీత్యా, గురుబలం కోసం గురువారం ఆవుకు బెల్లం, శనగలు పెట్టవలసి ఉన్నది. నడిచి వెళ్లే దూరంలో ఆవు లేదు. గుర్రం ఉన్నది. కొడుకు గ్రీన్ కార్డు కోసం ఒకరు, మనవరాలి సీటు కోసం ఒకరు పెడుతున్నారు. వీరిలో తమ మాతృశ్రీ గారు కూడా కలరని మనవి చేయుటకు విచారిస్తున్నాను.

3. మేత పెట్టరాదని బోర్డు ఉన్నది. చూపిస్తే, "అది మేత సంగతి అన్నయ్యా, ఇది దేవుడి పేరున పెట్టేది" అన్నారు తమ మాతృశ్రీ. డోనా గారు మన పద్ధతిలో దణ్ణం పెట్టి మరీ వద్దన్నారు. మనవాళ్లు తిరిగి దణ్ణం పెట్టి, తెచ్చిన బెల్లం పెట్టేసి వచ్చారు.

4. అందరికంటే ముందు బయలుదేరేది నా భార్య పద్మ. నా కాలు కోసం. వద్దంటే, "నేను ఆపినంక మీకేమన్న అయితే ఎట్ల?" అన్నది. జీవితమంతా విద్యుత్ శాఖలో అర్జీలకు జవాబులు రాసినవాడిని, ఇప్పుడు తమకు అర్జీ రాస్తున్నాను.

కావున తమరు కలుగజేసుకొని, కనీసం కారులో వెళ్లే దూరంలో ఒక ఆవునైనా చూపించి, ఆ మూగజీవిని దక్కించవలెనని వేడుకొనుచున్నాను. ఈ నిస్సహాయుని మొర చిత్తగించవలెను.

తమ విధేయుడు,
పెండ్యాల పాపయ్య

తా.క.: నిన్న డాక్టరు నాకు షుగర్ బాగా తగ్గిందన్నాడు. డాక్టరు ఏమన్నాడని పద్మ పొద్దుటి నుంచి అడుగుతూనే ఉంది, ఇంకా చెప్పలేదు. చెబితే ఆ బెల్లాన్ని ఇక ఎవరూ ఆపలేరు. రేపే గురువారం.