అన్న పోయినంక అన్న కత్తి

అన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఈ ఉత్తరం నీకు చేరదని ఎరికే, అయినా ఈ ముచ్చట నీకే చెప్పాలె.

పొద్దున మిర్యాలగూడ నుంచి ఒక పెద్దమనిషి మన మంగలి దుకాణానికొచ్చిండు. పాత కత్తులు జమచేస్తడట.

"మీ అన్న విలాయతి కత్తి గడ్డం గీస్తే తగిలినట్టే ఉండదని కోదాడ దాక చెప్పుకుంటరు. అది నాకియ్యి" అన్నడు.

నిరుడు నేనూ గట్లనే నమ్మిన. నువ్వు పోయినంక ఆ కత్తి పట్టి, మొదటి గిరాకి చెంపనే కోసిన.

ఆయన్ని కూసోబెట్టి కండ్లు మూసుకోమన్న. ఒక చెంప నీ కత్తితోని, ఇంకో చెంప తుంగతుర్తి కమ్మరి చేసిన కత్తితోని గీసిన. ఏది విలాయతిదో చెప్పమన్న. రెండు చెంపలూ తడుముకున్నడు గని, తేల్చలేకపోయిండు.

"మరి గంత పేరెట్లొచ్చింది?" అన్నడు.

"పేరు కత్తిది కాదయ్యా, మా అన్నది" అన్న. నీ కత్తి ఆయనకే ఇచ్చేసిన.

సాయంత్రం కమ్మరి కత్తితోనే నాయినకు గడ్డం గీస్తున్న. కండ్లు మూసుకొని, "పెద్దోడా, నీ చెయ్యి సల్లగుండ" అన్నడు.

నేను చిన్నోన్నని చెప్పలేదన్నా. ఊ కొట్టిన.

నీ తమ్ముడు